మచ్చల పెట్ట ఏడు గుడ్లు

"ఇంట్లో కోళ్ళున్నాయా?"

"లేవు."

"పావురాలు, చిలకలు, ఇంకేమైనా పక్షులు?"

"మా అమ్మమ్మ ఉంది. ఆవిడ ఎగరదు."

అతను నవ్వలేదు. గేటు పుస్తకాన్ని ఆమె వైపు తిప్పాడు. ఆమె గడులన్నీ నింపింది. పేరు, వచ్చిన పని, వచ్చిన సమయం. వెళ్ళే సమయం అనే ఆఖరి గడి ఖాళీగా వదిలి, సంతకం పెట్టి, గేటు తోయబోయింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ వేళ్ళ చివర్లు సిరాలో ముంచి తీసినట్టు నీలంగా ఉన్నాయి.

"మీ జడలో ఏదో ఉందండీ."

ఆమె జడ ముందుకు లాక్కుని చూసుకుంది. చిటికెనవేలంత కూడా లేని నల్లటి ఈక. దాని మీద తెల్ల మచ్చలు.

"దారిలో పడుంటుంది."

"దారిలో పడ్డ ఈక మూడో పాయలోకి దూరదు. జడ అల్లేటప్పుడే దూరుతుంది."

"కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే వినడమే గాని, చూడటం ఇదే మొదలు."

"మా దగ్గర రోజుకి నలభై వేల గుడ్లుంటాయి. ఒక్కదాని మీదా ఈక ఉండకూడదు. అందుకే పీకుతాం."

ఈసారి ఆమె నవ్వింది. నవ్వు ఆపుకోవాలని చూసి, కుదరక నవ్వింది. అతను మాత్రం ముఖం బిగించుకునే ఉన్నాడు. లోపల ఏదో సడలిందని తెలిసి, ఇంకాస్త బిగించుకున్నాడు.

అది హ్యాచరీ. గుడ్లు ఒక గదిలోకి వెళ్ళి, ఇరవై ఒక్క రోజులకి ఇంకో గదిలోంచి కోడిపిల్లలై వస్తాయి. వచ్చిన రోజే ప్రతి పిల్లకీ మెడ వెనక ఒక సూదిమందు. ఆ టీకాల గదికి అతనే పెద్ద. టీకా వేసినట్టు గుర్తు తెలియడానికి మందులో నీలం రంగు కలుపుతారు. ఆరేళ్ళుగా ఆ రంగు అతని వేళ్ళని వదల్లేదు. పెరటి కోళ్ళున్నవాళ్ళని గేటు దాటనివ్వకపోవడం కూడా అతని పనే. వాటికి ఏ రోగం ఉందో ఎవరికి తెలుసు?

ఆమె పశువైద్య కళాశాల ల్యాబులో పనిచేస్తుంది. పదేళ్ళుగా ఏ టీకా, ఏ తేదీన, ఏ సీసాలోంచి వేశారో ఆ పుస్తకాలు చూడటానికి వచ్చింది.

"కోళ్ళున్నాయి," అంది చివరికి. "అయిదు. అబద్ధమాడినందుకు సారీ. లోపలికి రానివ్వరని తెలిసి ఆడాను."

"రానివ్వం."

"మరి నా పుస్తకాలు?"

అతను గేటు పుస్తకం మూశాడు. "మీరు లోపలికి రాకూడదు. పుస్తకం బయటికి రాకూడదని ఎక్కడా రాసిలేదు."

*

అలా ప్రతి గురువారం ఆమె గేటు పక్క వాచ్‌మన్ గది వరండాలో కూర్చునేది. అతను వారానికి ఒక పుస్తకం తెచ్చి ఇచ్చేవాడు. ఒక్కసారే పదీ ఇచ్చెయ్యొచ్చుగా అని ఆమె అడగలేదు. తనే ఇవ్వొచ్చుగా అని అతనూ అనుకోలేదు. వాచ్‌మన్ మాత్రం అనుకున్నాడు. "సార్, ఇదేమైనా సీరియలా, వారానికో భాగం?" అన్నాడు.

ఆమె ఇంటి కబుర్లు కొద్దికొద్దిగా తెలిశాయి. అమ్మమ్మ కోళ్ళన్నిటికీ ఉద్యోగాల పేర్లు పెట్టింది. పుంజు పేరు హెడ్మాస్టరు. అందరికంటే పెద్దదైన మచ్చల పెట్ట పేరు పెద్దగుమాస్తా. తల్లి గురించి అతను ఒకసారి అడిగాడు. "నా తొమ్మిదో ఏట పోయింది," అని, పుస్తకంలో పేజీ తిప్పింది. అతనికి అమ్మా నాన్నా, ఇద్దరన్నలూ, వదినలూ ఉన్నారు. ఇంట్లో ఎవరైనా లేకుండా పోవడం అంటే ఏమిటో అతనికి తెలియదు.

ఏడో గురువారం వాన పట్టుకుంది. వరండా రేకు మీద చప్పుడు. ఇద్దరికీ చేతుల్లో టీ. ఆమె పుస్తకం మూసేసి, తను చేస్తున్న పని ఏమిటో చెప్పడం మొదలుపెట్టింది.

ఆమె కళ్ళజోడు అంచున ఒక వానచుక్క ఆగి ఉంది. అది ఎప్పుడు జారుతుందా అని అతను చూస్తున్నాడు. మాట్లాడేటప్పుడు ఆమె ఎడమచేత్తో గాలిలో ఏదో గీస్తుంది. ఒక గీత పైకి పోయింది, ఇంకొకటి దాన్ని దాటిపోయింది. "దుమ్ము" అన్న మాట వినిపించింది. "ఈక మొదళ్ళు" అన్న మాట వినిపించింది. చుక్క జారింది. ఆమె బుగ్గ మీద పడింది. ఆమె తుడుచుకోలేదు. అతను గంగిరెద్దులా తల ఊపుతూనే ఉన్నాడు.

వాన తెరిపిచ్చేసరికి గంటయింది.

"బోర్ కొట్టించానా?"

"లేదు లేదు."

ఆమె ఖాళీ కప్పు కింద పెట్టి, అతని వైపు చూడకుండా అంది. "ఇంతసేపు నా మాట ఎవరూ వినలేదు. ఈ పని గురించి చెబితే ఇంట్లో నిద్రపోతారు, ల్యాబులో ఎదురు చెబుతారు. మీరు విన్నారు."

అతను ఆ రోజంతా గాలిలో తేలాడు. ఏం విన్నాడో మాత్రం అతన్ని ఎవరూ అడగలేదు.

*

తర్వాతి నెల ఆమె వేరే ఊరికి రెండు నెలల ట్రైనింగ్‌కి వెళ్ళింది. వెళ్ళే ముందు వరండాలో నిలబడి, "అమ్మమ్మ ఒక్కతే ఉంటుంది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తారా?" అంది.

అప్పుడప్పుడు అనుకున్నది రోజూ అయింది.

"ఎవరూ, సూదబ్బాయా?" అనేది అమ్మమ్మ. "నాకు ఏమీ కాలేదు. నిన్నా కాలేదు. రేపు అయితే నేనే చెబుతాలే."

"అది కాదండీ. మందులు వేసుకున్నారా అని."

"నువ్వు కోళ్ళకి వేసుకో. నా సంగతి నేను చూసుకుంటాను."

ఒకరోజు మాత్రం ఆవిడ గొంతు కాస్త నీరసంగా ఉంది. పెట్టలు గుడ్లు తగ్గించాయట. పెద్దగుమాస్తా పొదుగు మీద కూర్చుందట. "వీటి వంశమే మందకొడి," అంది. "కానీ వీటిని మార్చను."

అతనికి ఆ ఆఖరి మాట చెవికెక్కలేదు. గుడ్లు తగ్గాయన్నదే ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే ఒక గొప్ప ఆలోచన వచ్చింది.

హ్యాచరీకి చెందిన గుడ్ల కోళ్ళ షెడ్డులో ఏడాదిన్నర దాటిన కోళ్ళని తీసేస్తారు. ఇంకా గుడ్లు పెడతాయి, కాకపోతే కంపెనీ లెక్కకి చాలవు. అతను వెళ్ళి ఏరి ఏరి నాలుగు తెల్లకోళ్ళని తీసుకున్నాడు. ఎర్రటి జుట్లు, నిగనిగలాడే ఈకలు. పుట్టిన రోజున వాటికి తన చేత్తో టీకా వేశాడు. లోకంలో ఇంతకంటే క్షేమమైన కోళ్ళు ఉండవని అతని నమ్మకం. ఆమె ఊరినుంచి వచ్చేసరికి ఇల్లంతా గుడ్లు ఉంటాయి, ఎవరిచ్చారని అడుగుతుంది, అమ్మమ్మ చెబుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఊహించుకుంటూ బండి మీద అరగంట ప్రయాణం చేశాడు.

వాళ్ళ గేటు దగ్గరే గంప దించాడు. లోపల అడుగుపెట్టలేదు. పెరటి కోళ్ళ దుమ్ము తనకి అంటుకుని హ్యాచరీకి వెళితే ప్రమాదం. ఆ జాగ్రత్త అతనికి ఎప్పుడూ ఉంటుంది.

అమ్మమ్మ గంపలోకి తొంగిచూసింది. "అబ్బో. పెళ్ళివారిలా ఉన్నాయి. రోగాలేమీ లేవు కదా?"

"ఒక్కటీ రాదండీ. అన్ని టీకాలూ అయ్యాయి."

"నీ వేళ్ళేమిటలా ఉన్నాయి? పెన్ను కారిందా?"

"టీకా రంగండీ. పోదు."

"మంచిదే," అందావిడ, అతని వేళ్ళని ఇంకాసేపు చూసి. "పనిచేసే చేతికి గుర్తుండాలి."

*

ఆమె తిరిగొచ్చాక మొదటి గురువారం. అతను పదో పుస్తకం తెచ్చి వరండాలో పెట్టాడు. ఆమె కూర్చోలేదు.

"ఆ రోజు వానలో మీకు గంటసేపు చెప్పాను. ఏం చెప్పానో చెప్పండి."

అతను నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

"దుమ్ము... ఈక మొదళ్ళు..."

"ఇంకా?"

"మీ కళ్ళజోడు మీద చుక్క పడింది," అన్నాడు. అది తప్ప నిజం ఏదీ గుర్తులేదు.

ఆమె పుస్తకాన్ని పక్కకి జరిపింది. అరిచి ఉంటే అతనికి తేలికగా ఉండేది.

"పెద్దగుమాస్తా పదకొండు పిల్లల్ని చేసింది," అంది. "నేను వచ్చేసరికి నాలుగున్నాయి. ఒక కాలు ముందుకీ, ఒక కాలు వెనక్కీ చాపి పడున్నాయి. మారెక్స్. కోళ్ళ పక్షవాతం. మీరు టీకా వేసేది దానికే. నిన్నటికి ఆ నాలుగూ పోయాయి. కిందటేడు పుట్టిన మూడు పెట్టలూ పోయాయి. ల్యాబులో చూశాను. చచ్చినవాటిలో ఏ వైరస్ ఉందో, మీ నాలుగు తెల్లకోళ్ళ ఈకల్లోనూ అదే ఉంది."

"కానీ అవి బాగానే ఉన్నాయి కదా. టీకా..."

"బాగానే ఉంటాయి. అదే నేను ఆ రోజు చెప్పింది."

ఆమె ఎడమచెయ్యి ఈసారి గాలిలో ఏమీ గీయలేదు. సంచీ తాడు పట్టుకునే ఉంది.

"పూర్వం ఈ వైరస్‌లో మరీ ప్రాణాలు తీసే రకం ఎక్కువ దూరం పోయేది కాదు. కోడిని పది రోజుల్లో చంపేస్తే, కోడితోపాటు దాని ఆటా కట్టే. ఇంకో కోడికి అంటుకునే వ్యవధి ఉండదు. అందుకని కాస్త నెమ్మదైన రకాలే నిలిచేవి. తర్వాత మనం టీకా తెచ్చాం. ఈ టీకా కోడిని చావనివ్వదు. అంతవరకు మంచిదే. కానీ వైరస్‌ని లోపలికి రాకుండా ఆపదు. కోడి హాయిగా తిరుగుతుంది, ఏడాదిన్నర పాటు ఈకల దుమ్ములో దాన్ని రాలుస్తూనే ఉంటుంది. ఒకప్పుడు తన దుర్మార్గానికి తనే పోయే రకం, ఇప్పుడు బతికి బట్టకడుతోంది. అది టీకా ఉన్న కోడిని ఏమీ చెయ్యలేదు. టీకా లేని పిల్ల మీద పడితే..." ఆమె ఆగింది. "మా పెరట్లో ఒక్కదానికీ టీకా లేదు."

"అయితే టీకా వెయ్యడమే తప్పన్నమాట."

"కాదు. వెయ్యకపోతే మీ షెడ్లలో ఒక్కటి మిగలదు. మన పిల్లలకి తట్టు రాకుండా వేస్తారే, అలాంటివి రోగాన్నీ, అంటుకోవడాన్నీ రెంటినీ ఆపుతాయి. ఇది సగమే ఆపుతుంది. సగం ఆపేదాన్ని వేసేవాళ్ళు మిగతా సగం గురించి ఆలోచించాలి. మీ గేటు దగ్గర పుస్తకం ఉంది. మా కోళ్ళ నుంచి మీ కోళ్ళని కాపాడటానికి. మీ కోళ్ళ నుంచి మా కోళ్ళని కాపాడటానికి ఎక్కడా పుస్తకం లేదు."

ఆమె వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది. "ఆ మచ్చల కోళ్ళు మా అమ్మవి. తను తెచ్చిన గుడ్ల వంశం. పద్దెనిమిదేళ్ళుగా అమ్మమ్మ వాటిని తెగిపోనివ్వలేదు. ఇప్పుడు ఒక ముసలి పెట్టా, ఒక పుంజూ ఉన్నాయి. మీరు కావాలని చెయ్యలేదని నాకు తెలుసు. మీరు వింటున్నారనుకున్నాను. అదే..." ఆ మాట పూర్తిచెయ్యలేదు.

ఆమె వరండా దిగుతుండగా అతను వెనకనుంచి అడిగాడు. "ఆ వైరస్ గుడ్డులోకి వస్తుందా?"

ఆమె ఆగింది. అన్ని గురువారాల్లోనూ తన పని గురించి అతను అడిగిన మొదటి ప్రశ్న అది.

"రాదు," అంది.

*

అమ్మమ్మ వాకిట్లో ఖాళీ గంప కడుగుతోంది. అతను గేటు బయటే నిలబడి చెప్పాడు. ఏదీ దాచలేదు.

ఆవిడ గంప కడగడం ఆపలేదు. "తెలిసి చేశావా?"

"లేదండీ."

"తెలుసుకునే వీలుందా?"

"ఉందండీ. ఆవిడ నాకు గంటసేపు చెప్పారు. నేను వినలేదు."

"మరి గంటసేపు ఏం చేశావు?"

అతను తల దించుకున్నాడు. "ఆవిణ్ణి చూశాను."

గంప మీద చెయ్యి ఆగింది. వరండాలో నిలబడి వింటున్న మనవరాలు చటుక్కున లోపలికి వెళ్ళిపోయింది. అమ్మమ్మ గంప బోర్లించి, దాని మీద కూర్చుంది.

"అబ్బాయ్, నీకు ఇంతవరకు ఎవరూ పోలేదు కదూ?"

"లేదండీ."

"అందుకే. దెబ్బ తగలనివాడికి తన చేతిలో ఏముందో తెలియదు. వాడి తప్పు కాదు గాని, ఎదుటివాడికి తగులుతుంది." ఆవిడ గొంతులో కోపం లేదు. పాఠం లాగా కూడా లేదు. చాలాకాలం కిందట తెలుసుకున్నదాన్ని మళ్ళీ ఒకసారి చెప్పుకున్నట్టుంది.

"పెద్దగుమాస్తా ఇంకా గుడ్లు పెడుతోందా అండీ?"

"రోజు విడిచి రోజు. ఏడున్నాయి. తినబుద్ధి కాక దాచాను."

"నాకివ్వండి. కాదు, మీ దగ్గరే ఉంచండి. ముందు గదిలో. పొదిగించడం నాకు తెలుసు. నాకు బాగా తెలిసిన పని అదొక్కటే. పుట్టిన రోజే టీకా వేస్తాను."

మేనేజరుకి జరిగిందంతా చెప్పాడు. ఆయన నొసలు రుద్దుకుని, "గుడ్లు ముట్టుకుంటే స్నానం చేసి రా. పక్షిని ముట్టుకుంటే మూడు రోజులు సెలవు పెట్టు," అన్నాడు. ఇంకాసేపటికి, "టీకా సంచీలో అడుగున మిగిలేది ఎలాగూ పారబోస్తాం," అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

థర్మకోల్ పెట్టె, ఒక బల్బు, ఒక థర్మామీటరు, గిన్నెలో నీళ్ళు. శుక్రవారం గుడ్లు పెట్టాడు. హ్యాచరీలో టీకాలు వేసే రోజుల్లో శుక్రవారం ఒకటి, ఇరవై ఒకటో రోజూ శుక్రవారమే. ప్రతి గుడ్డుకీ ఒకపక్క పెన్సిల్‌తో చిన్న గీత. రోజుకి అయిదుసార్లు తిప్పాలి. అతను పొద్దున్నా సాయంత్రమూ వచ్చేవాడు, మిగతావి వాళ్ళు.

మొదటి వారం ఆమె అతనితో గుడ్ల గురించి తప్ప మాట్లాడలేదు. "తిప్పాను." "వేడి అర డిగ్రీ తగ్గింది." "నీళ్ళు పోశాను." అతను అన్నీ ఒక చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. రెండోసారి చెప్పించుకునేవాడు కూడా.

"వినపడిందిగా, మళ్ళీ ఎందుకు?"

"వినపడింది. విన్నానో లేదో చూసుకుంటున్నాను."

ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది. పెదవి చివర ఏదో కదిలినట్టు అమ్మమ్మకి కనబడింది. అమ్మమ్మ దాన్ని ఎవరికీ చెప్పలేదు.

ఏడో రోజు కిటికీ తెరలు వేసి, అట్టగొట్టంలో టార్చి పెట్టి, ఒక్కొక్క గుడ్డునీ వెలుగులో చూశారు. రెండు గుడ్లు ఖాళీ. మూడోదానిలో ఎర్రటి సన్న దారాలు సాలెగూడులా పరుచుకుని, మధ్యలో ఒక చుక్క కొట్టుకుంటోంది. మూడు తలలు ఒకచోట చేరాయి. ఆమె జుట్టు అతని భుజానికి తగిలింది. అతను మాత్రం గుడ్డునే చూశాడు. అది ఆమె గమనించింది.

"ఇలా చూడటం అమ్మ నేర్పింది," అంది ఆమె, వెలుగులోంచి కళ్ళు తీయకుండా. "టార్చి కాదు. ఎండలో, గుప్పిట్లో పెట్టి."

అతను ఈసారి తల ఊపలేదు. విన్నాడు.

అయిదు గుడ్లు మిగిలాయి.

*

ఇరవై ఒకటో రోజుకి నాలుగు పెంకులు పగిలాయి. అయిదోది లోపలే ఆగిపోయింది.

హ్యాచరీలో ఆఖరి టీకా సంచీ కలిపింది పదకొండుంబావుకి. ఒకసారి కలిపాక ఆ మందు గంటసేపే పనిచేస్తుంది. పిల్లల వరస పూర్తయ్యేసరికి పదకొండున్నర. అడుగున మిగిలిన నీలం మందుని సిరంజిలో ఎక్కించి, ఐసు డబ్బాలో పెట్టి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని బండెక్కాడు. సరిగ్గా అప్పుడే వాన.

సగందూరం దాటాక రైలు గేటు పడింది. ఫోన్ చేశాడు.

"గేటు పడిందండీ. గూడ్సు. వాన కూడా ఉంది, అక్కడికి వచ్చేసరికి గంట దాటిపోతుంది."

"ఎంత టైముంది?" అంది ఆమె.

"ఇరవై అయిదు నిమిషాలు."

ఫోన్ పెట్టేసిన చప్పుడు.

గూడ్సు రావడమే ఆలస్యంగా వచ్చింది. వచ్చాక వెళ్ళే తొందర దానికి లేదు. అతను వాచీ చూసుకుంటూ వ్యాగన్లు లెక్కపెట్టాడు. పద్దెనిమిది, పంతొమ్మిది. రెండు వ్యాగన్ల మధ్య సందులో, అటువైపు ఆగిన ఆటో పక్కన, ఎర్ర గొడుగు ఒకటి కనిపించింది. వ్యాగను అడ్డమొచ్చింది. తర్వాతి సందులో గొడుగు కింద ఆమె. వ్యాగను. ఆమె చేతుల్లో చెప్పుల అట్టపెట్టె, గుండెకి ఆనించుకుని. వ్యాగను. గొడుగు పూర్తిగా పెట్టె మీదికి వంచింది, తను తడుస్తోంది.

గేటు లేచింది. బండి అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

"తొందరగా రా," అంది ఆమె. ఇన్నాళ్ళ 'మీరు' అన్న పిలుపు ఏ వ్యాగను కింద పడిందో ఇద్దరూ చూసుకోలేదు.

మూసి ఉన్న ఒక దుకాణం అరుగు మీద కూర్చున్నారు. ఆమె ఒక్కొక్క పిల్లనీ రెండు చేతుల మధ్య పట్టుకుంది. అతను మెడ వెనక చర్మాన్ని లేపి సూది వేశాడు. నాలుగు నీలం చుక్కలు. వాచీలో పన్నెండూ పది.

"అయిదు నిమిషాలు మిగిలాయి," అన్నాడు.

ఆమె కళ్ళజోడు మీద ఎన్ని చుక్కలున్నాయో అతను లెక్కపెట్టలేదు. జేబులోంచి రుమాలు తీసి ఇచ్చాడు. ఆమె తీసుకుంది.

*

తర్వాతి శనివారం వాళ్ళ గేటుకి దారంతో కట్టిన ఒక నోటుబుక్కు వేలాడుతోంది. స్కేలుతో కొట్టిన గీతలు, ఆమె చేతిరాత. "ఈ వారం టీకా కోళ్ళని ముట్టుకున్నారా?" "వచ్చిన పని." "వచ్చిన సమయం." "వెళ్ళే సమయం."

అతను నిజాయితీగా రాశాడు. ముట్టుకున్నాను, అరవై వేలు. వచ్చిన పని, పిల్లల్ని చూడటం.

"అయితే బయటే ఉండు," అంది అమ్మమ్మ, చదివి.

టీకా ఒంటికి పట్టడానికి రెండు వారాలు పిల్లలు ముందు గదిలోనే ఉన్నాయి. తర్వాత కూడా వాటిని తెల్లకోళ్ళకి దూరంగా డాబా మీద పెంచారు. డాబాకి వేరే చెప్పులు. తెల్లకోళ్ళని పంపేస్తానని అతనన్నాడు. "వాటిదేం పాపం? గుడ్లు పెడుతున్నాయిగా," అని అమ్మమ్మ ఉంచేసుకుంది. ప్రతి శనివారం అతను గేటు బయట, ఆమె గేటు లోపల. వాచ్‌మన్ వరండా తిరగేసినట్టుంది.

అయిదో వారం గండం. అంతకుముందు పిల్లలు కాళ్ళు చాపింది అప్పుడే. ఆ వారం అతను రోజూ వచ్చాడు. రోజూ ఆమె డాబా మీంచి నాలుగు వేళ్ళు చూపించేది. నాలుగూ నిలబడ్డాయి అని.

ఎనిమిదో వారం, శనివారం సాయంత్రం, డాబా మీంచి ఏదో కూత వినిపించింది. తుప్పుపట్టిన తలుపు తీసినట్టు మొదలై, మధ్యలో దగ్గుగా మారి ఆగిపోయింది. కింద పెరట్లో హెడ్మాస్టరు ఆశ్చర్యంగా తలెత్తి చూశాడు.

"కొత్త మాస్టారొచ్చాడు," అంది అమ్మమ్మ. కళ్ళొత్తుకుని, దుమ్ము పడిందంది. ఎవరూ కాదనలేదు.

ఆమె గేటు దగ్గరికి వచ్చింది. "ఆ రోజు వానలో నేనేం చెప్పాను?"

అతను నోటుబుక్కు వదిలి, నిటారుగా నిలబడ్డాడు. "మనం ఒక రోగాన్ని సగం ఆపితే, మిగతా సగం మారుతుంది. మనం కాపాడినవాళ్ళ లోపలే, చప్పుడు చెయ్యకుండా. వాళ్ళకేం కాదు. పక్కవాళ్ళకి అవుతుంది. అందుకని ఒకరికి వేస్తే పక్కవాళ్ళకీ వెయ్యాలి. ఒకసారి మొదలుపెట్టాక ఆపకూడదు."

"నేను ఇంత బాగా చెప్పలేదు."

"మీరు చెప్పిందే. ఆలస్యంగా విన్నాను."

ఆమె గేటు ఊచ మీద వేలితో రాస్తూ అంది. "ఈ నాలుగూ కూడా ఇకనుంచి దుమ్ములో దాన్ని మోస్తాయి. ఈ ఇంట్లో పుట్టే ప్రతి పిల్లకీ మొదటిరోజే టీకా పడాలి. ప్రతి పొదుగుకీ. ఆ వైరస్ మారితే టీకా కూడా మార్చుకోవాలి."

"అంటే ప్రతి పొదుగుకీ నేను రావాలి."

"రావాలి."

"ఎన్నాళ్ళు?"

"అది ఎప్పుడు ఆగుతుందో నాకు తెలియదు. ఆగదనే అనుకుంటున్నాను."

అతను పెన్ను తీసుకున్నాడు. వచ్చిన పని అన్న గడిలో ఎనిమిది వారాలుగా ఒకే మాట రాస్తున్నాడు. ఈసారి వేరే రాశాడు. రాసి, పుస్తకం ఆమెకివ్వకుండా అమ్మమ్మకిచ్చాడు. అంచు మీద నీలం వేలిముద్ర పడింది.

అమ్మమ్మ కళ్ళజోడు వెతుక్కుని, పెట్టుకుని, చేయి చాచి దూరంగా పట్టుకుని చదివింది. "మీ మనవరాలిని నాకిస్తారా అని అడగడానికి." ఒకసారి కాదు, రెండుసార్లు చదివింది.

"నన్నడుగుతావేం? దాన్ని అడుగు. ఈసారి అది చెప్పేది విను."

"వింటానండీ."

"ఇక్కడ ఆఖరి గడి ఖాళీగా వదిలావు. వెళ్ళే సమయం."

"అది ఆవిడే చెప్పాలండీ."

ఆమె నోటుబుక్కు తీసుకుంది. కాసేపు చూసింది. అమ్మమ్మ చేతిలోంచి పెన్ను తీసుకుని, ఆ గడికి అడ్డంగా ఒక గీత కొట్టింది. హ్యాచరీ పుస్తకాల్లో అవసరం లేని గడికి కొట్టినట్టే, నిదానంగా, ఈ చివర నుంచి ఆ చివరికి.

తర్వాత గేటు గడియ తీసింది.

"కుళాయి పక్కన సబ్బుంది," అంది అమ్మమ్మ, లోపలికి నడుస్తూ. "స్నానం చేసి మరీ రా నాయనా. టవలు అది ఇస్తుంది."